సర్ వాల్టర్ ఇలియట్: చెల్లని నాణెములను చదివిన విద్వాంసుడు

నాణెము చేతులు మారుటకే పుట్టినది. ఉదయము సంతలో ఉల్లిగడ్డలకిచ్చిన బిళ్ళ సాయంకాలమునకు వేరొక దుకాణము చేరును. కొమురవెల్లి మల్లన్న జాతరలో మ్రొక్కుగా పడినది కొన్నాళ్ళకు మరియొక జిల్లాకు పయనమగును. ఇట్లు వేల చేతులు తిరిగిన నాణెము రాజ్యము మారిన నాడు చెల్లనిదగును. అప్పుడు దానికి రెండే గతులు. బంగారమో వెండియో అయినచో కంసాలి మూసలో కరగును. రాగియో సీసమో అయినచో పిల్లల ఆటబిళ్ళయై తుదకు పెంటదిబ్బ పాలగును. హైదరాబాదు సంస్థానపు హాలీ సిక్కా చెలామణినుండి తొలగినపుడు ఎన్ని ఇండ్లలో ఎన్ని నాణెములు ఇట్లు పోయినవో పెద్దలు ఎరుగుదురు.

చేర్యాల నకాషీ పటములో ఒక్కొక్క గడికి ఒక్కొక్క ఘట్టము ఉండును. ఒక గడిని మాత్రమే చూచినవానికి కథ తెలియదు. పటమంతయు విప్పి వరుసగా చూపినప్పుడే కథ నడచును. ప్రాచీన నాణెముల సంగతియు అట్టిదే. ఒక్క నాణెము మూగది. పదియో నూరో ఒకచోట చేరినచో అవి ఒకదానికొకటి మాట అందించును. ఈ రహస్యమును గ్రహించి, తెలుగు నేలపై ఎవరికిని అక్కరలేని బిళ్ళలను ఏరి కూర్చి, వానిలో దక్షిణ దేశపు రాజవంశముల జాడ వెదకిన ప్రథములలో సర్ వాల్టర్ ఇలియట్ ముఖ్యుడు. ఆయన పరదేశీయుడు, పాలకవర్గమునకు చెందినవాడు. అయినను తెలుగువారి ప్రాచీన చరిత్ర వ్రాయువారు ఆయన పేరు తలవక ముందుకు సాగజాలరు.

బాల్యము, ఉద్యోగప్రవేశము

వాల్టర్ ఇలియట్ 1803వ సంవత్సరము జనవరి 16వ తేదీన స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ ఇలియట్. రాక్స్‌బరో మండలములోని వుల్ఫ్‌లీ వారి స్వస్థలము. తూర్పు ఇండియా కంపెనీ తన ఉద్యోగులకై ఇంగ్లండులో నడపిన హేలీబరీ కళాశాలలో ఆయన చదువుకొనెను. 1820లో మద్రాసు సివిలు సర్వీసులో ఉద్యోగము లభింపగా, మరుసటి ఏడు మద్రాసు చేరెను. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు.

మొదట సేలము జిల్లాలో కొంతకాలము పనిచేసిన పిమ్మట ఆయనను ధార్వాడ ప్రాంతమునకు పంపిరి. అచట 1824లో కిత్తూరు సంస్థానమున దత్తత విషయమై కంపెనీవారు పట్టిన మొండితనము వలన తిరుగుబాటు పుట్టెను. రాణి చెన్నమ్మ సేనలతో జరిగిన పోరులో కలెక్టరు థాకరే హతుడయ్యెను. ఆయనకు సహాయకుడుగానున్న ఇలియట్‌ను, స్టీవెన్సన్ అను మరియొక ఉద్యోగిని కిత్తూరువారు బంధించి, కొన్ని వారములు ఉంచుకొని, ప్రాణహాని లేకుండ విడిచిపెట్టిరి. ఇరువది యొక్క ఏండ్ల ప్రాయమున కలిగిన ఆ అనుభవము పిదప కూడ ఆయన ఆ ప్రాంతమును విడువలేదు. 1833 వరకు అచటనే ఉండి దేశభాషలను, ఆచారములను, జంతుజాలమును శ్రద్ధతో పరిశీలించెను.

ధార్వాడ ప్రాంతపు దేవాలయములలో, చెరువు గట్లపై, ఊరి బయళ్ళలో శాసనశిలలు విరివిగా నుండెను. వానిని చదువగలవారు అరుదు. ఇలియట్ స్థానిక పండితుల సాయముతో పాత కన్నడ లిపిని నేర్చుకొని, శాసనములకు నకళ్ళు వ్రాయింప మొదలిడెను. ఆయన కూర్చిన నకళ్ళు ఆరు వందలకు దగ్గర. వాని ఆధారముతో చాళుక్యుల, తదితర రాజుల వరుసను నిర్ణయించుచు 1830ల దశాబ్దమున లండను రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. దక్షిణ దేశపు రాజుల కాలక్రమమును పుక్కిటి పురాణముల నుండి వేరుచేసి శాసనములపై నిలిపిన తొలి ప్రయత్నములలో అది యొకటి.

కరగిపోవుచున్న కాలము

1836లో స్వదేశమునుండి తిరిగివచ్చిన పిదప ఇలియట్ మద్రాసు గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసెను. 1839లో మరియా డొరోతియా హంటర్ బ్లెయిర్ అను కన్యను వివాహమాడెను. ఈ కాలమున దక్షిణ దేశపు నాణెములకు గొప్ప ఆపద వచ్చిపడినది. దానిని కొంత వివరింపవలసియున్నది.

అంతకు పూర్వము తెలుగు, తమిళ, కన్నడ సీమలలో వరహా, మాడ, పణము, కాసు అను పాత పద్ధతి నాణెములు వాడుకలో నుండెను. వరహా ఇంచుమించు మూడున్నర గ్రాముల బంగారు నాణెము. వరాహమూర్తి ముద్ర వలన దానికా పేరు వచ్చెనందురు. పణము అర గ్రాము కూడ తూగని అతి చిన్న బంగారు బిళ్ళ. చేతిలో నిలువక జారిపోవునంతటిది. అందుచేత దక్షిణ దేశమున కొన్నిచోట్ల చిన్న చిన్న గుంతలు చెక్కిన పలకపై పణములను పోసి, గుంతకొకటి నిలువగా లెక్కించెడివారు. కంపెనీవారి నక్షత్ర వరహాకు మద్రాసులో 42 పణములు, పణమునకు 80 కాసులు. ఒక్కొక్క సీమలో ఒక్కొక్క వన్నె, ఒక్కొక్క మారకము. వీనినన్నిటిని గుర్తెరిగి మార్చి ఇచ్చెడివాడు షరాబు.

1818లో మద్రాసు ప్రభుత్వము వరహాను మాని రూపాయిని ప్రమాణముగ చేసినది. 1835లో కంపెనీ రాజ్యమంతటికి ఒకే తీరు రూపాయి వచ్చినది. అంతటితో పాత వరహాలు, పణములు లోహపు విలువకే అమ్ముడుపోయి కంసాలి కొలిమికి చేరసాగెను. వేయేండ్ల చరిత్ర కొన్ని దశాబ్దములలో కడియములుగ, కమ్మలుగ మారుచుండెను. మార్చుకొన్న వారిది తప్పనరాదు. కుటుంబము గడుపుకొనువాడు బంగారమును బంగారముగనే చూచును. ఆ తరుణమున కరగించుటకు ముందు ఒక్కసారి చూచి, తూచి, చిత్రము వ్రాయించి దాచెడివాడొకడు కావలసియుండెను. ఆ పనికి పూనుకొనిన కొలదిమందిలో ఇలియట్ ఒకడు.

మరియొక మేలు కూడ ఆ రోజులలోనే సమకూరినది. కలకత్తా టంకశాలలో లోహముల వన్నె పరీక్షించు ఉద్యోగియగు జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీ లిపిని పూర్తిగా చదువగలిగెను. అదివరకు గీతలుగ కనబడినవి అక్షరములైనవి. నాణెములపై రాజుల పేళ్ళు చదువవచ్చునను ఆశ దేశమంతట పండితులలో మొలకెత్తెను.

గుంటూరు సీమలో

1845లో ఇలియట్‌ను గుంటూరు జిల్లా స్థితిగతులు విచారించుటకై పంపిరి. 1833 నాటి డొక్కల కరువు ఆ సీమను ఎముకలగూడుగ చేసి పోయినది. జమీందారీలు అప్పులలో మునిగియుండెను. శిస్తు వసూలు తగ్గిపోయెను. ఆయన గ్రామములు తిరిగి, లెక్కలు పరిశీలించి, జిల్లా అంతటిని కొలిపించి శిస్తును సరిగా నిర్ణయింపవలెనని నివేదించెను. కంపెనీ డైరెక్టర్లు దానిని ఆమోదించి ఉత్తర సర్కారులకన్నిటికి ఆయననే కమీషనరుగ నియమించిరి. 1854 వరకు ఆ ఉద్యోగమున నుండి ఆయన తెలుగుదేశపు కోస్తా జిల్లాల సంగతులను చక్కగా ఎరిగెను.

గుంటూరు వచ్చిన ఏడే ఆయన అమరావతి స్తూపమును త్రవ్వించెను. ఆ దిబ్బను అంతకుముందే కర్నలు కాలిన్ మెకంజీ చూచి చిత్రములు వ్రాయించియుండెను. కాని నడుమ సంవత్సరములలో అచటి పాలరాళ్ళు ఇండ్లకు, గుళ్ళకు తరలిపోయినవి. కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయినవి. మిగిలిన శిల్పఫలకములను పెక్కింటిని ఇలియట్ వెలికి తీయించి మద్రాసు పంపెను. వానినే ఇలియటు చలువరాళ్ళని పిలిచిరి.

అమరావతి మొదలుకొని కృష్ణాతీరపు పాత ఊళ్ళ దిబ్బలపై సీసపు బిళ్ళలు దొరకుచుండెను. వానపడి మన్ను కొట్టుకొనిపోయినపుడు అవి పైకి తేలును. మద్రాసుకు దక్షిణముగ కోరమండల్ తీరమున పెనుగాలి వీచి ఇసుక తొలగిన పిమ్మట ఇట్టి బిళ్ళలు రోమను, చీనా నాణెములతో కూడ దొరకెడివని ఇలియట్ వ్రాసియున్నాడు. చూచుటకు అవి అసహ్యముగ నుండును. సీసము మెత్తని లోహము. నేలలో వందల ఏండ్లు పడియుండి తెల్లని పొర కట్టును, అంచులు విరుగును. బంగారు వరహాను దాచుటలో ఎవరికైనను లాభము కలదు. ఈ సీసపు ముక్కను దాచుటలో ఏమి లాభమని ఎవ్వరైనను అడుగుదురు. ఇలియట్ గొప్పతనము అచటనే కనబడును. ఆయన వానిని కూడ వదలలేదు.

పది బిళ్ళలు కలిసిన ఒక పేరు

ఈ సీసపు నాణెములను చదువుట ఎట్లో తెలిసికొనుట మిక్కిలి రుచికరమైన సంగతి. ఆ కాలపు టంకశాలలో ముద్రను చెక్కిన అచ్చు పెద్దది; దానిక్రింద పెట్టిన బిళ్ళ చిన్నది. దెబ్బ సరిగా నడుమ పడదు. అందుచేత ఒక బిళ్ళపై రాజు పేరులో మొదటి రెండక్షరములు మాత్రము పడును. మరొకదానిపై తుది అక్షరములు, వేరొకదానిపై బొమ్మ మాత్రమే పడును. ఏనుగో, గుఱ్ఱమో, సింహమో, మూడు వంపుల కొండవంటి చైత్యమో, దాని క్రింద నీటి అలవంటి వంకర గీతయో ఉండును. ఒకే అచ్చున వచ్చిన పది నాణెములను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకదాని లోపమును మరొకదానితో పూరించుకొనుచు పోయినచో పూర్తి పేరు తేలును.

కావున ఒక్కొక్క ఇంట ఒక్కొక్క నాణెము దాగియున్నంత కాలము ఏ ఒక్కటియు పలుకదు. వానినొకచోట చేర్చినవాడు లేనిదే చదివెడివాడు పుట్టడు. సేకరణమనగా వట్టి ముచ్చట కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

1854లో ఇలియట్ మద్రాసు గవర్నరు సలహాసంఘ సభ్యుడయ్యెను. 1857, 58 సంవత్సరములు దేశమంతట కల్లోలముగ నుండిన రోజులు. ఆ రోజులలోనే ఆయన మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో నాణెములపై తన వ్యాసములను ప్రకటించెను. 1858లో విక్టోరియా రాణి ప్రభుత్వము కంపెనీ పాలనను తొలగించి దేశమును తన చేతిలోనికి తీసికొన్నపుడు, గవర్నరు లార్డ్ హారిస్ అస్వస్థుడగుటచే ఆ ప్రకటనను మద్రాసులో వెలువరించు బాధ్యత పెద్ద సభ్యుడగు ఇలియట్‌పై పడెను. పగలు రాజ్యము మారుటను ప్రకటించిన మనిషి విశ్రాంతి వేళల పూర్వము మారిన రాజ్యముల బిళ్ళలను పరిశీలించుచుండెను.

ఆ వ్యాసములలో ఆయన మొదట ఎత్తుకొనినది విద్ధాంక నాణెముల విషయము. ఇవి వెండి రేకును తునకలుగ కోసి, సూర్యుడు, చక్రము, చెట్టు, జంతువు మొదలగు గుర్తులను వేర్వేరు పోగరలతో కొట్టిన ముక్కలు. మన దేశమున దొరకిన నాణెములలో అతి ప్రాచీనములు ఇవియే. వీనిపై రాజు పేరుండదు. కొన్నింటిపై వెనుక ప్రక్క చిన్న చిన్న గుర్తులు అడ్డదిడ్డముగ కొట్టబడియుండును. అవి వన్నె చూచి ఒప్పుకొనిన షరాబుల గుర్తులై యుండవచ్చునని పండితులు తలంచిరి. వీనిలో కొన్నిటిని వర్తక శ్రేణులే ముద్రించియుండునని అభిప్రాయపడినవారును కలరు.

నాణెమును రాజు మాత్రమే వేయునని తలచువారికి ఇది వింతగ తోచును. కాని వ్యాపారి గుర్తు నాణెమునకు విలువ తెచ్చుట అన్ని దేశములలోను ఉన్నదే. ఇంగ్లండులో 17వ శతాబ్దియందును, మరల 18వ శతాబ్ది తుదిలోను చిల్లర కరవైనపుడు దుకాణదారులు తమ పేరిట రాగి బిళ్ళలు వేయించి చిల్లరగ ఇచ్చిరి. నాణెములు అమ్మెడి దుకాణములవారు కూడ అట్టి బిళ్ళలు వేయించిరి. వానిని కూర్చెడివారు అప్పుడే బయలుదేరిరి. నిజాము రాజ్యమున 19వ శతాబ్ది మొదటి సగములో పేస్తన్‌జీ మేహర్జీ అను పారశీక షాహుకారు ఔరంగాబాదు టంకశాలను నడపగా, అచట వెలువడిన రూపాయికి పేస్తన్‌షాహీ అని ఆయన పేరే నిలిచినది. ప్రజలు నమ్మినది బిళ్ళపైనున్న ముద్రను. ఆ ముద్ర వెనుక నిలిచిన మనిషి మాటను. ఆ నమ్మకము ఏ కాలమున ఎవరిపై ఉండెనో చెప్పుటకు నాణెమువంటి సాక్షి లేదు.

ఇతర విద్యలు

ఇలియట్ దృష్టి నాణెములతో ఆగలేదు. 1859లో ఆయన ఫ్లోరా ఆంధ్రికా అను గ్రంథమును మద్రాసులో ప్రకటించెను. అది ఉత్తర సర్కారులలో పెరుగు చెట్టుచేమల తెలుగు పేళ్ళకు శాస్త్రీయ నామములు కూర్చిన పట్టిక. రైతులు, పసులకాపరులు, వైద్యులు నోట పలికెడి పేళ్ళను గ్రంథస్థము చేయుటయు నాణెములను ఏరుట వంటిదే. వాడుక పోయినచో ఆ పేరును మరల తెచ్చెడివారు లేరు.

జంతుశాస్త్రమునందును ఆయన కృషి చేసెను. దక్షిణ దేశపు చెట్టెలుక వంటి ఒక ప్రాణికి, పొదలలో నుండు మరియొక ఎలుకకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. చార్లెస్ డార్విన్ పెంపుడు పావురముల, కోళ్ళ భేదములను పరిశీలించుచు తూర్పు దేశములనుండి వాని చర్మములను కోరగా ఇలియట్ పంపెను. ఆ పరిశీలనలు డార్విన్ పరిణామవాదమునకు ఉపకరించినవి.

గుణదోషములు

మహనీయుల జీవితము వ్రాయునపుడు గుణములనే ఎన్నుట పరిపాటి. అది న్యాయము కాదు. ఇలియట్ పాలకజాతికి చెందిన అధికారి. ఆయన కోరినచో ఇచ్చెడి గ్రామస్థునికి లేదనుట సులభము కాదు. ఆయన వెలికి తీయించిన అమరావతి శిల్పములు మద్రాసులో కొన్నేండ్లు ఎండకు వానకు పడియుండి, 1859లో ఓడనెక్కి లండను చేరినవి. వానిలో పెక్కు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. ఆయన నాణెములలోను పెక్కు అచటికే చేరినవి. తెలుగు నేలలో పుట్టిన వస్తువును చూడగోరు తెలుగువాడు సముద్రము దాటవలసివచ్చుట బాధాకరమే. అవి ఇచటనే యుండినచో సున్నపు బట్టీలో కాలియుండునన్న సమాధానము కొంతవరకే నిజము. దేశములోనే భద్రపరచు మార్గము లేకపోలేదు. ఆ పూనికయే లోపించినది.

పాండిత్యమునందును ఆయన పొరపడిన చోటులున్నవి. రెండు తెరచాప కొయ్యలుగల ఓడ బొమ్మ ఉన్న సీసపు నాణెములను ఆయన పల్లవులకును, కురుంబలకును ఆపాదించెను. తరువాతి పండితులు వానిలో కొన్నింటిపై శాతవాహన రాజుల పేళ్ళు చదివిరి. రెండు వేల ఏండ్లకు దగ్గర కాలమునాడు తెలుగు రాజులు ఓడను తమ నాణెముపై గుర్తుగ వేసికొనిరనియు, సముద్రవ్యాపారము వారికంత ముఖ్యమనియు ఆ చదువువలన తెలిసినది. ఇలియట్ ఊహ తప్పినను ఆయన దాచిన నాణెము తప్పలేదు. ఊహను తరువాతివారు దిద్దుకొనవచ్చును. కరగిన నాణెమును ఎవ్వరును తిరిగి పోయజాలరు.

అంత్యదశ

1860లో ఇలియట్ ఉద్యోగము విరమించి స్వస్థలమగు వుల్ఫ్‌లీ చేరెను. 1866లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నొసగెను. పుస్తకములు, నాణెములు, వింత వస్తువులు నిండిన ఆ ఇంట ఆయన మరి ఇరువది యేడేండ్లు జీవించెను. నలువదేండ్లు తాను తిరిగిన దేశమును మరువలేదు. వ్యాసములు వ్రాయుచు, అడిగినవారికి వివరములు పంపుచుండెను.

వార్ధక్యమున ఆయనకు చూపు తగ్గి, దాదాపు అంధత్వము కలిగెను. నాణెశాస్త్రమున కన్నే ప్రధాన సాధనము. అరిగిన అక్షరపు ఒంపు చూచి పేరు తేల్చవలెను. అట్టి సాధనమే పోయిన దశలో ఆయన తన జీవితకాలపు పరిశ్రమనంతటిని ఒక గ్రంథముగ కూర్చుటకు సాహసించెను. ఎడ్వర్డ్ థామస్ సంపాదకత్వమున వెలువడుచుండిన ప్రాచ్య నాణెముల గ్రంథమాలలో దక్షిణ భారత నాణెములు అను ఆ గ్రంథము లండనులో అచ్చయి 1886 సంవత్సరముతో వెలువడెను. ఆంధ్ర రాజులు, పల్లవులు, చాళుక్యులు, కదంబులు, చోళులు, పాండ్యులు, విజయనగర ప్రభువులు వీరి నాణెములన్నియు ఫలకములతో సహా అందు వివరింపబడినవి. ఎనుబది యేండ్లు దాటిన వృద్ధుడు, కనులు కానరాని స్థితిలో, తాను యౌవనమున చూచిన నాణెములను జ్ఞాపకమునుండియు, ఇతరుల కన్నులతోడను మరల చూచి వ్రాసిన పుస్తకమది.

1887 మార్చి 1వ తేదీ ఉదయము ఆయన తమిళ పండితుడగు డాక్టర్ పోపుకు ఒక ఉత్తరము చెప్పి వ్రాయించి స్వహస్తముతో సంతకము చేసెను. పోపు ప్రకటింపనున్న తిరుక్కురళ్‌ను గూర్చిన ముచ్చట అందుండెను. తాను ఎన్నడో సేకరించిన, ఫ్రాన్సిస్ ఎల్లిస్ అను పూర్వపు విద్వాంసుని కాగితములను ఎవరికైన ఉపయోగపడునట్లు చేయుమార్గమేదియని ఆయన అందు అడిగెను. ఆ సాయంకాలమే ప్రశాంతముగ కన్నుమూసెను. చేతనున్నది తనతో పోరాదు, పనికివచ్చు చోటికి చేరవలెనన్న తలంపు తుదిదినము వరకును ఆయనను విడువలేదు.

ఆయన పిమ్మట

ఇలియట్ కూర్చిన నాణెములు వ్యర్థము కాలేదు. 1908లో ర్యాప్సన్ పండితుడు బ్రిటిషు మ్యూజియము నాణెముల పట్టికలో ఆంధ్ర రాజుల నాణెములను క్రమపరచినపుడు ఇలియట్ సేకరణము ఆయనకు ముఖ్యాధారములలో నొకటి. గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని తల్లుల పేళ్ళతో తమ్ము చెప్పుకొనిన శాతవాహన రాజుల వరుస అట్లు గట్టిపడినది.

తరువాత తెలంగాణము కూడ నోరు విప్పినది. మెదకు సీమలోని కొండాపురమున 1940 తరువాత నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖవారు త్రవ్వించగా శాతవాహన నాణెములతోబాటు నాణెములు పోసెడి మూసలు కూడ దొరకినవి. అచట టంకశాల ఉండెనని పండితులు తలంచిరి. పెద్దపల్లి సమీపమున పెద్దబంకూరులో కుండలతో ఇరువది వేలకు పైగా నాణెములు బయటపడినవి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో వానకు పైకి తేలిన బిళ్ళలను స్థానికులు ఏరి దాచి పండితులకు చూపగా, 1970ల దశాబ్దమున డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి మొదలగువారు వానిని పరిశీలించిరి. శాతవాహన వంశమూలపురుషుడగు సిముకుని పేరు వానిపై చదువబడినది. అంతకు ముందటి గోబద, నారన, కంవాయ, సమగోప అను రాజుల పేళ్ళు కూడ తొలిసారి లోకమునకు తెలిసినవి. ఏ పురాణమును చెప్పని, ఏ శిలయు చెక్కని ఆ రాజుల ఉనికికి గోదావరి ఒడ్డున ఎవరో వంగి ఏరిన బిళ్ళలే సాక్ష్యము. ఆ బిళ్ళ రాగి తూకమునకు పోయియుండినచో ఆ పేళ్ళును దానితోనే పోయెడివి.

గ్రామస్థులు గ్రహింపవలసిన సంగతులు

ఇలియట్ జీవితమునుండి గ్రామవాసులు నేర్చుకొనదగినవి కొన్ని కలవు. పాత నాణెము దొరకినపుడు చింతపండుతోనో ఇసుకతోనో రుద్దరాదు. మురికి పోవుటతో అక్షరమును పోవును. ఎచట, ఎంత లోతున, ఏ కుండలో, వేటితో కలిసి దొరకినదో వెంటనే వ్రాసికొనవలెను. చోటు తెలియని నాణెము ఇంటిపేరు మరచిన మనిషి వంటిది. ఒక కుండలో దొరకినవానిని పలువురు పంచుకొనరాదు. కలిసియున్నప్పుడే అవి మాటాడును. దొరకిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. తెలిపినవాని హక్కును కూడ ఆ చట్టము గుర్తించినది. దాచి అమ్మినవానికి దక్కునది కొంత పైకము. తెలిపిన ఊరికి దక్కునది తన చరిత్ర.

గ్రంథాలయమును పుస్తకముల ఇల్లని మాత్రమే తలపరాదు. ఒక్కొక్క ఇంట ఒక్కొక్కటిగ నుండి మూగవోయిన పుస్తకములను ఒకచోట చేర్చి పలికించిన చోటది. ఇరువదియైదేండ్లుగ ఒక గ్రామము ఆ పని చేసినదనగా, ఇలియట్ సీసపు బిళ్ళలతో చేసిన పనినే అది అక్షరములతో చేసినదన్నమాట. ఊరి దిబ్బలలో, పాత పెట్టెలలో, అటకలపై ఇంకను మాటాడని నాణెములు, తాళపత్రములు, లెక్కల పుస్తకములు ఉండకపోవు. వానిని చూచి వ్రాసిపెట్టు పని విదేశపు దొర కొరకు ఎదురుచూడవలసిన పని కాదు. ఒక చిట్టా పుస్తకము, ఒక కలము, కరగించుటకు ముందు ఒక్క దినము ఆగగల ఓర్పు ఉన్న చాలును.